వదులైన చీలమండ: ఒక సంవాదము

విజయవాడ నుండి ఏలూరు పోవు రాజమార్గమున విమానాశ్రయము దాటినంతనే వచ్చు గన్నవరములో, చిరకాలము వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకరు కలరు. ఊరివారందరికిని ఆయన డ్రిల్లు మాస్టారే. ఆయన వద్ద వాలీబాలు నేర్చిన శిష్యులలో నొకడు చదువుకొని ఎముకల శస్త్రవైద్యుడైనాడు. మాస్టారి మనుమరాలు బాల్యము నుండి కూచిపూడి నాట్యము నేర్చినది. ఇప్పుడు డిగ్రీ చదువుచున్నది. రెండేండ్ల క్రిందట అభ్యాసములో కుడికాలు మడతపడి చీలమండ వాచినది. వాపు తీసినది గాని, నాటి నుండి మెట్లు దిగునప్పుడును, పొలము గట్టు మీద నడచునప్పుడును, ఒక్కొక్కమారు చదునైన నేల మీదనే కూడ ఆ కాలు తిరగబడుచున్నది. ఎమ్మారై చిత్రమును చూచి, కాలును స్వయముగా పరీక్షించి, శిష్యుడు శస్త్రచికిత్స మాట యెత్తినాడు. మాస్టారు వలదన్నారు. ఆదివారము సాయంకాలము మాస్టారి అరుగు మీద వారిరువురికిని జరిగిన వాదమును, అట్టి కాలితో బాధపడువారికి ఉపకరింపగలదను తలంపుతో ఇచట పొందుపరచుచున్నాను.

మాస్టారు: నాయనా, నీ చదువు మీద నాకు గౌరవము లేక కాదు. అయినను అడుగుచున్నాను. నెట్టు దగ్గర ఎగిరి బంతిని కొట్టి, దిగునప్పుడు ఎదుటివాని పాదము మీద దిగి కాలు మడతపెట్టుకొన్న కుర్రవాండ్రను నేనెందరినో చూచితిని. వారిలో నీవును ఒకడవు. చల్లనీళ్ళ గుడ్డ చుట్టి, బిగువుగా పట్టీ కట్టి, కాలు ఎత్తున పెట్టించి, నొప్పి తగ్గిన పిమ్మట ఇసుకలో నడిపించితిని. నాతో సహా ఎవ్వరును కత్తి మాట తలపెట్టలేదు. నీవు మరల ఆడితివా లేదా?

డాక్టరు: ఆడితిని మాస్టారూ. మీరు చేయించినదే నేటికిని మొదటి చికిత్స. బెణికిన చీలమండలలో అత్యధికము కోత లేకయే కుదురుకొనును. అందు వివాదము లేదు. మన వాదము మిగిలిన వారిని గూర్చి. సుమారు అయిదుగురిలో నొకరికి నొప్పియో, వదులుతనమో, కాలు నిలువదేమో యను భయమో నెలలు గడచినను విడువదు. మీ మనుమరాలు ఆ అయిదవ మనిషి.

మాస్టారు: ఏల విడువదు? తెగిన చర్మము అతుకుకొనుచున్నది, విరిగిన ఎముక అతుకుకొనుచున్నది. ఈ నరమునకు మాత్రము ఏమి వచ్చినది?

డాక్టరు: అది నరము కాదు మాస్టారూ, ఎముకను ఎముకతో కట్టి యుంచెడి సంధిబంధనము, మేము లిగమెంటు అందుము. చీలమండ వెలుపలి వైపున ఉబ్బెత్తుగా కనిపించెడి గుబ్బ ఫిబ్యులా అను సన్న ఎముక చివర. దాని నుండి మూడు బంధనములు బయలుదేరును. ముందుది టేలస్ అను ఎముక మెడకు పోవును; నడిమిది క్రిందుగా మడమ ఎముకకు పోవును; వెనుకది టేలసు వెనుక భాగమునకు పోవును. వెనుకది మిక్కిలి బలమైనది, ముందుది మిక్కిలి బలహీనమైనది. టేలసు ముందువైపున వెడల్పు, వెనుకవైపున సన్నము. పాదమును క్రిందికి చాచి మునివ్రేళ్ళపై నిలిచినప్పుడు సన్నని భాగము కీలు గూటిలోనికి వచ్చి పట్టు సడలును. భారమంతయు ఆ ముందరి బంధనము మీదనే పడును. నాట్యములో మునివ్రేళ్ళపై లేచి తిరుగునప్పుడును, వాలీబాలులో ఎగిరి దిగునప్పుడును పాదము సరిగా ఆ భంగిమలోనే యుండును. అప్పుడు పాదము లోనికి మడతపడినచో మొదట తెగునది అదియే. దెబ్బ గట్టిదైనచో తరువాతది నడిమిది. తెగిన బంధనము మానకపోదు, మానును. కాని సాగిన స్థితిలో మానినచో, ఉండవలసిన నిడివి కంటె ఎక్కువ నిడివితో నిలిచిపోవును. ఆపైన అది యుండియు లేనట్లే.

మాస్టారు: సరే, ఇంకొక మాట. మన పూర్వులు శరీరములో మర్మస్థానములు చెప్పినారు. పాదమును పిక్కయు కలియుచోట గుల్ఫమర్మము కలదనియు, అచట దెబ్బ తగిలినచో నొప్పియో, పాదము బిగిసిపోవుటయో, కుంటితనమో కలుగుననియు సుశ్రుతుడు వ్రాసినాడు. అట్టిచోట నీవు కత్తి పెట్టుదువా?

డాక్టరు: సుశ్రుతుడు స్వయముగా శస్త్రవైద్యుడు, మర్మముల పట్టిక వ్రాసినది కత్తిని మానుటకు కాక, కత్తి ఎచటికి పోరాదో తెలిసికొనుటకు. ఆయనయే శరీరమున తొమ్మిదివందల స్నాయువులు, అనగా కట్టి యుంచెడి బంధములు, కలవని లెక్కించి, పలకలను త్రాళ్ళతో బిగించి కట్టిన పడవ నీటి మీద బరువు మోసినట్లు, స్నాయువులచే కట్టబడిన కీళ్ళ వలననే మనిషి బరువు మోయగలుగుచున్నాడని చెప్పినాడు. అంతటితో ఆగక, ఎముకలు గాని కండలు గాని చెడుట కంటె స్నాయువు చెడుట మనుష్యునకు ఎక్కువ హాని యనినాడు. కృష్ణ కాలువలలో పడవలు నడచిన కాలమును మీరు చూచినవారు. కట్టు సడలిన పడవను తెడ్డు బలముగా వేసి ఎంత దూరము నడుపగలరు?

మాస్టారు: తెడ్డు వేయువాడు తెలిసినవాడైనచో చాల దూరమే నడుపును! నీవు నా చేతికే కర్ర నిచ్చితివి. కీలును కాచునది త్రాళ్ళు మాత్రమే కాదు, కండరములు కూడ. 1965లో ఫ్రీమన్ అను ఆంగ్ల వైద్యుడు, బెణికిన చీలమండ నిలువకపోవుటకు బంధనములు సాగుట యొక్కటే కారణము కాదనియు, కీలు ఎంత వంగినదో మెదడునకు తెలుపు సూక్ష్మ నాడుల వార్త చెడుట కూడ కారణమనియు వ్రాసి, ఊగెడి పలక మీద నిలువబెట్టి అభ్యాసము చేయించెనని నేను శిక్షణ పొందినప్పుడు చదివితిని. ఆ పలకను మా బడిలో వడ్రంగి చేత చేయించితిని గూడ. అట్టి అభ్యాసమును పూర్తిగా చేయింపక కోత మాట యెత్తుట న్యాయమా?

డాక్టరు: న్యాయము కాదు. కనీసము మూడు నెలలు, వీలైనచో ఆరు నెలలు పిక్క వెలుపలి కండరములకు బలము, ఒంటికాలి నిలుకడ, ఆటలో కాలికి పట్టీ, ఇవన్నియు క్రమముగా జరిగి విఫలమైన పిమ్మటనే శస్త్రచికిత్స యని మా శాస్త్రమున కూడ నియమము. కాని ఫ్రీమన్ చెప్పినదానిలో రెండు రోగములు కలవు. ఒకటి, కట్టు బిగువుగానే యుండి కావలి నిద్రించుట. రెండవది, కట్టే సడలుట. మొదటిదానికి పలక దివ్యౌషధము. రెండవదానికి పలక సాయము చేయును గాని, నిడివి పెరిగిన బంధనమును పొట్టి చేయజాలదు. కాలు పక్కకు దొర్లుట మొదలైన క్షణమునకును, వార్త మెదడునకు పోయి తిరిగి కండరము బిగియు క్షణమునకును నడుమ కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధిలో కీలును నిలుపునది బంధనమే.

మాస్టారు: అమ్మాయి రోగము రెండవదని నీకెట్లు తెలిసినది? చిత్రములో చూచియా?

డాక్టరు: చిత్రమును మాత్రమే నమ్మి ఎవ్వరికిని కోత చెప్పరాదు, చిత్రములో చినిగినట్లు కనిపించియు నిక్షేపముగా ఆడువారు కలరు. మీ యెదుటనే చూపెదను. అమ్మా, ఇట్లు రమ్ము, బల్ల మీద కూర్చుండి కాలు వ్రేలాడవేయుము. మాస్టారూ, మోకాలు వంగి పిక్క కండరము సడలియున్నది, చూడుడు. ఎడమచేత పిక్క క్రింది భాగమును కదలకుండ పట్టితిని. కుడిచేత మడమను గిన్నెవలె పట్టి ముందునకు మెల్లగా లాగుచున్నాను. గుబ్బకు ముందు, చర్మము మీద చిన్న గుంట పడినది కదా? కీలు ముందునకు జారి లోన చోటు ఏర్పడుట చేత చర్మము లోనికి పీల్చుకొనుచున్నది. ఇప్పుడు ఎడమకాలు. అదే బలము, అదే లాగు. గుంట లేదు, ఒకచోట గట్టిగా ఆగినట్లు చేతికి తెలియుచున్నది. కుడికాలికి ఆ ఆగుట లేదు. ఎక్సురేలో కొలిచినచో, రెండవ కాలి కంటె మూడు మిల్లీమీటర్లు మించి ముందునకు జారుట గాని, అయిదు డిగ్రీలు మించి పక్కకు ఒరుగుట గాని వదులుతనమునకు గుర్తని సాధారణముగా లెక్కింతుము.

మాస్టారు: గుంటను చూచితిని, ఒప్పుకొంటిని. వదులున్నది. కాని తొందర యేల? మీ వారు ఒకప్పుడు కాలు బెణికిన తొలి దినములలోనే కోసి కుట్టెడివారు కదా. 1991లో కన్నుస్, రెన్‌స్ట్రోమ్ అను ఇరువురు పాత పరిశీలనములనన్నిటిని కలిపి చూచి, పూర్తిగా తెగినను మొదట పట్టీయు వ్యాయామమునే మేలనియు, అవసరమైనచో ఏండ్ల తరువాత కుట్టినను ఫలితము తీసిపోదనియు తేల్చినారని నీవే నాకొకసారి చెప్పితివి. ఆలస్యము వలన కుట్టునకు నష్టము లేనప్పుడు, అమ్మాయి చదువు ముగియువరకు ఆగిన నేమి?

డాక్టరు: మీరు నా మాటనే నా మీద త్రిప్పినారు. బంధనమునకు ఆలస్యము వలన పెద్ద నష్టము లేదు, అది నిజము. నష్టము లోపలి మృదులాస్థికి. కాలు మడతపడిన ప్రతిసారియు టేలసు గూటిలో ఒరసికొని పైపొర గీసికొనును. కొందరికి ఎముకతో సహా చిన్న పెచ్చు లేచును. సాగిన బంధనమును ఏండ్ల తరువాతనైనను బిగింపవచ్చును గాని, అరిగిన మృదులాస్థిని మరల పుట్టించు విద్య నా వద్ద లేదు. అందుకే, బిగించుటకు పోయినప్పుడు ముందుగా సన్నని దూర్బిణిని కీలులోనికి పంపి అచటి స్థితిని చూచుట అనేకులకు ఆచారమైనది.

మాస్టారు: అటులైన ఆగుటకును ఆగుటకును భేదమున్నదన్నమాట. పట్టీ కట్టుకొని, అభ్యాసము చేయుచు, కాలు మడతపడకుండ ఆగుట వేరు; నెలకొకసారి మడతబెట్టుకొనుచు, చూతము లెమ్మని ఆగుట వేరు.

డాక్టరు: అదియే నా మనవి. మొదటి విధముగా ఎంతకాలము ఆగినను నాకు తొందర లేదు. రెండవది ఆగుట కాదు, అరుగుట. ఇందుకు తోడు మన పిల్లలకు మరియొక భ్రమ కలదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో బ్యాడ్మింటను క్రీడాకారిణి పి.వి. సింధు ఎడమ చీలమండ నొప్పితోనే ఆడి స్వర్ణము గెలిచినది. దానిని చూచి, నొప్పిని లెక్కచేయకుండుటయే వీరత్వమని తలంచుచున్నారు. ఆ నొప్పి ఎముకలో బీటయని తేలి ఆమె ప్రపంచ పోటీలను మానుకొని నెలల తరబడి ఆటకు దూరమైనది. 2023 జనవరిలో గాని తిరిగి పోటీలకు రాలేదు. ఆ సంగతి పిల్లలకు గుర్తుండదు. ఎముకలో బీటకు విశ్రాంతి మందు. వదులైన బంధనమునకు విశ్రాంతి మందు కాదు; ఎంత పరుండినను అది పొట్టి కాదు.

మాస్టారు: సరే, కోత తప్పదనియే ఒక్క గడియ అనుకొందము. నా అసలు భయమును ఇప్పుడు చెప్పెదను. నేను ఉద్యోగమున చేరిన తొలి దినములలో మంచి ఆటగాడొకడు కాలు వదులై, పట్టణములో ఒక ఆసుపత్రిలో కోయించుకొనెను. పిక్క కండరమును ఎముకకు అంటించు స్నాయువు నొకదానిని తీసి, ఎముకకు తూటు పెట్టి దూర్చి కట్టినారనిరి. ఆ తరువాత వాని కాలు ఎన్నడును మడతపడలేదు, అది నిజము. కాని వాలుగా నున్న చేని గట్టు మీద నడవలేకపోయెను. పాదము నేలను అనుసరించి ఒరుగదు, బిగిసియుండును. నలుబది దాటకముందే మడమ క్రింది కీలు నొప్పి పెట్టసాగెను. ఇట్టిదియేనా నీవు చేయునది?

డాక్టరు: కాదు. మీరు చూచినది మా వృత్తిలో ఒక తరము నమ్మిన మార్గము. 1934లో ఎల్మ్‌స్లీ తొడ వెలుపలి పొరను పట్టీగా కోసి వాడినాడు. తరువాత వాట్సన్ జోన్స్, 1953లో ఎవన్స్, పిక్క వెలుపలి పొట్టి కండరపు స్నాయువును ఫిబ్యులా ఎముకలో తూటు పొడిచి దూర్చినారు. 1969లో క్రిస్‌మన్, స్నూక్ అనువారు, మొత్తము తీయుట అన్యాయమని, స్నాయువును నిలువున చీల్చి సగమే వాడినారు. ఈ మార్గములలో కాలు నిలుచును. కాని రెండు దోషములు. పాదము లోనికి మడతపడబోవునప్పుడు వెలుపలికి లాగి కాపాడెడి కండరమునే కోసి వాడుట మొదటిది. ప్రకృతి బంధనము నుంచిన చోటున కాక వేరొక వాలున కట్టుట రెండవది. అందుచేత, రోగములేని మడమ క్రింది కీలు కూడ బిగిసి, కాలక్రమమున అరుగును.

మాస్టారు: కూచిపూడిలో తరంగమను అంశమును చేయునప్పుడు అమ్మాయి ఇత్తడి పళ్ళెము అంచు మీద నిలిచి, వ్రేళ్ళతో అంచును పట్టి పళ్ళెమును జరపుకొనుచు తాళము తప్పక నడచును. పాదము ఒక వెంట్రుకవాసి లోనికి, ఒక వెంట్రుకవాసి వెలుపలికి ఒరుగనిచో పళ్ళెము కదలదు. నీ పాత మార్గమున కట్టినచో ఆమె నడచునేమో గాని నాట్యము చేయలేదు.

డాక్టరు: యథార్థము. అందుచేతనే నేడు ఆ మార్గము మొదటి ఎంపిక కాదు. 1966లో స్వీడనులో బ్రోస్ట్రోమ్ అను వైద్యుడు, ఏండ్ల నాడు తెగిన బంధనమైనను మిగిలిన కొనలు చాలవరకు అచటనే యుండుననియు, సాగినదానిని కత్తిరించి పొట్టిచేసి దాని చోటనే కుట్టవచ్చుననియు చూపినాడు. వేరొక చోట నుండి దేనిని తేనక్కరలేదు. 1980లో గూల్డ్ అను అమెరికా వైద్యుడు, చీలమండ ముందు స్నాయువులను అదిమి పట్టియుంచు పైపట్టీ అంచును కూడ తెచ్చి ఆ కుట్టు మీద కప్పి బిగించెను. బలము పెరిగినది, మడమ క్రింది కీలునకును కొంత ఊత దొరికినది. తరువాత కార్ల్‌సన్, బంధనము మధ్యలో కుట్టుటకు మారుగా ఫిబ్యులా ఎముక అంచున చిన్న రంధ్రములు చేసి, పొట్టి చేసిన బంధనమును ఎముకకే అంటగట్టెను. నేటికిని ఇతర చికిత్సలను సరిపోల్చుటకు కొలబద్ద ఈ కుటుంబమే. అనేక నివేదికలలో పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి మంచి ఫలితము కనిపించినది.

మాస్టారు: ఖర్చు? ఎముకలో బిగించు ఏవో మరలు వేల రూపాయలని విన్నాను.

డాక్టరు: యాంకర్లందుము, ఎముకలో పాతిన చిన్న మేకునకు దారము తగిలించియుండును. పని త్వరగా సాగును, ఖర్చు అధికము. కాని కార్ల్‌సన్ పద్ధతిలో రంధ్రముల గుండ దారము పోనిచ్చి కట్టినచో అవి లేకయే సాగును. యాంకరు కొనలేనివానికి మంచి చికిత్స దొరకదనుట సరికాదు.

మాస్టారు: ఇక మిగిలిన కొనలే పనికిరానివైనచో?

డాక్టరు: ఎవరికి ఈ కుట్టు చాలదో ముందుగానే కనిపెట్టుట శస్త్రవైద్యుని పరీక్ష. పూర్వము కుట్టి విఫలమైనవారు, మిక్కిలి భారీ కాయము గలవారు, బంధనము పొరవలె పలుచనైపోయినవారు, ఒంటి కీళ్ళన్నియు పుట్టుకతోనే వదులుగా నుండువారు, వీరికి వారి సొంత బంధనము మీదనే ఆధారపడుట అపాయము. బొటనవ్రేలు వెనుకకు వంగి ముంజేతికి తగులునా, మోచేయి నిలువు మించి వెనుకకు వంగునా, నిలుచుండి మోకాళ్ళు వంచక అరచేతులు నేలకు ఆనించగలరా, అని తొమ్మిది మార్కుల పరీక్ష యొకటి కలదు. నాట్యము చేయువారిలో ఇట్టి వదులుతనము తరచు కనిపించును. అదియే వారికి సౌష్ఠవమునిచ్చును, అదియే ఆపద తెచ్చును. మీ మనుమరాలిని పరీక్షించితిని. అభ్యాసము వలన వంగుచున్నది గాని, పుట్టుకతో వదులు కాదు. సొంత బంధనము చాలనివారైనచో, తొడ లోపలివైపు గ్రాసిలిస్ అను కండరపు సన్నని స్నాయువును తీసి, బంధనములు పుట్టిన చోటనే, అవి పోవు వాలుననే, ఎముకలలో సొరంగములు చేసి కొత్తగా అల్లుదుము. తెచ్చినది వేరొకచోటి స్నాయువే యైనను నిలిపిన స్థానము ప్రకృతిది. పాత మార్గమునకును దీనికిని గల భేదమంతయు ఇందున్నది.

మాస్టారు: ఇంకొకటి నేను చెప్పెదను, నీవు మరచితివేమో. కొందరి కుర్రవాండ్ర చెప్పులు చూచితిని. వెలుపలి అంచే అరిగియుండును. వారికే కాలు మాటిమాటికి మడతపడును. ఎంత కసరత్తు చేయించినను అంతే.

డాక్టరు: మరువలేదు, అందరికంటె ముందు అడుగవలసిన మాట మీరడిగినారు. మడమ ఎముకయే లోనికి వంగి, పాదపు కమాను ఎత్తుగా నుండువారికి అడుగు వేసిన ప్రతిసారియు భారము వెలుపలి అంచు మీద పడును. ఎదుట నిలిచి చూచినచో, పాదము లోపలివైపు నుండి మడమ కండ తొంగిచూచుచు కనిపించును. అట్టివానికి బంధనము మాత్రమే కుట్టి పంపినచో అది మరల సాగుట నిశ్చయము. 1959లో డ్వయర్ చూపినట్లు మడమ ఎముకను కోసి వాలు సరిచేసి, ఆపైన బంధనము బిగింపవలయును. మీ మనుమరాలి చెప్పులు వాకిట నున్నవి; లోనికి వచ్చునప్పుడే చూచితిని. సమముగా అరిగినవి.

మాస్టారు: ఇంతవరకు నీ మాటలు నాకు నచ్చినవి. కాని నా మేనల్లుడు హైదరాబాదులో ఏదో టేపు వేయించుకొని నెలలోనే పరుగెత్తితినని గొప్పలు చెప్పుచున్నాడు. మరియొకరు చిన్న రంధ్రములతోనే అంతయు చేయుదుమనిరట. ఇవి వ్యాపారమా, వైద్యమా?

డాక్టరు: రెంటిలోను కొంత కొంత. టేపనగా గట్టి దారముతో నేసిన పట్టీ. కుట్టిన బంధనము మీదుగా ఫిబ్యులా నుండి టేలసునకు దానిని బిగింతురు. కుట్టు మానువరకు భారము తాను మోయును. అందుచేత కాలును త్వరగా కదల్పవచ్చును. భారీ కాయమునకును, బంధనము పలుచనైనవారికిని, త్వరగా మైదానమునకు పోవలసిన ఆటగానికిని అది మేలు. దోషమేమనగా, అది సాగదు. పాదమును సరియైన స్థితిలో నుంచి బిగింపక, జాగ్రత్తకై మరికొంత లాగి బిగించినచో మీరు భయపడిన పాత బిగువే కొత్త వేషమున వచ్చును. ఇక చిన్న రంధ్రముల మార్గము. చేయి తిరిగినవారు చేసినచో ఫలితము తెరచి చేసినదానితో సమానముగా నున్నది. మచ్చ చిన్నది, తొలి దినముల నొప్పి తక్కువ. కాని ఆ దారిలోనే పాదము పైభాగమునకు స్పర్శనిచ్చు నాడి కొమ్మలు పోవుచున్నవి. చూడకుండ సూది పోనిచ్చినచో అవి కుట్టులో చిక్కును. చేయి తిరుగనివాని చేతిలో చిన్న రంధ్రము కంటె తెరచిన గాయమే మేలు.

మాస్టారు: అమ్మాయికి?

డాక్టరు: తెరచి బ్రోస్ట్రోమ్, మీద గూల్డ్ కప్పు. ముందుగా దూర్బిణితో కీలు లోపల చూచుట. టేపు వలదు. పళ్ళెము మీద నిలువవలసిన పాదమును అవసరము లేక బిగింపను.

మాస్టారు: పిమ్మట ఎంతకాలము?

డాక్టరు: మొదటి రెండు వారములు కాలు నేల మోపకుండ కట్టు, తరువాత ఆరు వారముల వరకు బూటులో క్రమముగా భారము మోపుట, మూడవ నెల ముగియువరకు పట్టీ, ఆ నడుమ మీ ఊగెడి పలక. పలక లేనిచో నా కుట్టు సగమే. మూడు నాలుగు నెలలకు ఆట, మునివ్రేళ్ళపై తిరుగుట మరికొంత ఆలస్యముగా. గాయము దగ్గర స్పర్శ తగ్గుట, గాయము చీము పట్టుట, మరల సాగుట, కొంత బిగువు మిగులుట, ఇవి అరుదుగానైనను జరుగవచ్చును. ఆమెకు ముందే చెప్పవలయును.

మాస్టారు: అటులైన నా తీర్పు వినుము. శస్త్రచికిత్స అవశ్యమైనచో నీవు చెప్పిన మార్గమే సరి. ప్రకృతి యుంచినచోట నుంచుట నాకు ధర్మముగా తోచినది. కాని అవశ్యమా కాదా యనుటలో నేనింకను నీ ఎదుటిపక్షమే. రెండేండ్లుగా ఆ పిల్ల చేసినది వ్యాయామము కాదు. నొప్పి తగ్గినప్పుడు నాలుగు దినములు చేసి మానివేసినది. నాకు మూడు నెలలిమ్ము. ఉదయము, సాయంత్రము నా కన్నుల యెదుట చేయింతును. పట్టీ లేక అడుగు వేయనీయను. ప్రదర్శనలు మాన్పింతును.

డాక్టరు: మూడు నెలలిచ్చితిని. నాకు రెండు షరతులు. ఈ మూడు నెలలలో కాలు మడతపడిన ప్రతి తడవయు, తేదీతో సహా ఆమె స్వయముగా వ్రాయవలయును. మీరు కాదు, మీరు తగ్గించి వ్రాయుదురు. రెండవది, పట్టీ కట్టి అభ్యాసము సరిగా సాగుచుండగనే మరల మడతపడినచో, మూడు నెలలు నిండువరకు ఆగరాదు. నా వద్దకు తీసికొనిరావలయును.

మాస్టారు: మొదటిది సమ్మతము. రెండవదానికి ఒక్క సవరణ. ఒక్కసారి మడతపడుటకే కత్తి అనను. వాపు వచ్చినదా, మరునాడు నడవగలిగినదా చూచి పిలుతును.

డాక్టరు: ఆ సవరణకు నేను సమ్మతింపను మాస్టారూ. వాపు రాకున్నను మృదులాస్థి గీసికొనును.

మాస్టారు: సమ్మతింపకుము. కాలు మనిద్దరిదియు కాదు గదా! అమ్మాయిని పిలిచి ఇరుపక్షములును ఆమెకు వినిపింతము. మడతపడిన నాడు వాపు కొరకు చూడవలయునో, ఆ దినమే నీ వద్దకు రావలయునో ఆమెయే చెప్పును. తొందరపడి కోయించుకొనిన బాధయైనను, ఆలస్యము చేసి అరిగించుకొనిన బాధయైనను భరింపవలసినది ఆమెయే.

డాక్టరు: అందుకు మాత్రము నాకు అభ్యంతరము లేదు. పిలువుడు.